నిద్రశాలలో మెలకువ

నమోదు 318

పంపుల గదితో రోజు మొదలైంది. మూడో సొరంగంలో ఊట పెరిగింది, రెండు పంపులూ ఆగకుండా తిరుగుతున్నాయి. గాలి పంకాలు బాగున్నాయి. పైన ఎండ నిన్నటికంటే ఎక్కువట. నీళ్ల బండి చీకటితోనే వచ్చి వెళ్ళిపోయింది. రోగులను ఒత్తిగిలించి పక్కలు మార్చేవాళ్ళు నిద్రశాలలో తమ పని ముగించుకొని, ఎవరి వీపునా కొత్త పుండు లేదని చెప్పారు. అందరి తలల దగ్గరా పచ్చదీపం వెలుగుతోంది. పచ్చదీపం ఉందంటే మనిషి గాఢనిద్రలో ఉన్నట్టు.

రేపు అరుంధతి టీచరును లేపుతున్నాం. కాలేయం జబ్బుతో ఆమెను ఇక్కడికి తెచ్చినప్పుడు దానికి వైద్యం లేదు. అలా వైద్యం లేని జబ్బులతో వచ్చినవాళ్ళను ఈ పాత బొగ్గుగని చల్లదనంలో నిద్రపుచ్చి ఉంచుతాం. నిద్రలో జబ్బు ముదరదు. వైద్యం దొరికిన రోజు లేపుతాం. ఆమె జబ్బుకు ఈ ఏడు దొరికింది. ఒకరిని లేపే రోజు మాకు పండగే. వంటగదిలో పాయసం చేయమన్నాను.

నా పేరు కమలిని. డాక్టరును కాను, ఈ ఆసుపత్రిని నడిపే అధికారిని. ఆసుపత్రి అధికారులందరూ ఆ రోజు చేసిన పనిని తమ గొంతుతో చెప్పి భద్రపరచాలని ప్రమాణాల సంఘం నియమం. కొత్తలో చాదస్తమనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పకపోతే పళ్ళు తోముకోనట్టు ఉంటుంది.

నమోదు 319

పాయసం ఎవరూ తినలేదు.

అరుంధతి టీచరు పొద్దున్నే కళ్ళు తెరిచింది. డాక్టర్ ఓదెలు ఆమె నాడి చూసి, కళ్ళలోకి దీపం వేసి, అంతా బాగుందన్నాడు. ఓదెలు మా వైద్య విభాగానికి పెద్ద. అతని భార్య సుగుణ కూడా ఇదే నిద్రశాలలో ఉంది, ఎముకల్లో గడ్డలు. రోజూ పని అయ్యాక ఆమె మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చుని కబుర్లు చెప్పి వెళతాడు. నిద్రలో ఉన్నవాళ్ళకు వినపడదని అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. అయినా చెబుతాడు. అది చూసి మా నర్సులు కళ్ళు తుడుచుకుంటారు.

నేను మంచం దగ్గరకు వెళ్ళి టీచరుకు నమస్కారం పెట్టి, నన్ను నేను పరిచయం చేసుకోబోయాను. ఆమె తల తిప్పకుండానే అంది.

“కమలిని మేడం. మీ గొంతు నాకు ఎరికే.”

ఎవరో నర్సు చెప్పి ఉంటుందనుకున్నాను. నవ్వాను. ఆమె నవ్వలేదు. మెల్లగా, ఒక్కొక్క మాట ఏరుకుంటున్నట్టు మాట్లాడింది.

“ఈమె కోసం ఎవ్వరు రారు గద, ఆ మూలకు జరపండి, తలుపుకాడ జాగ కావాలె అన్నరు మీరు. జరిపిన్రు. ఆ మూల పైకెల్లి నీళ్లు కారుతయి మేడం. నా ఎడమ చెవి పక్కన. చుక్క, చుక్క.”

ఆ మాట నేను అన్నదే. చుట్టాలు వచ్చేవాళ్ళకు తలుపు దగ్గర చోటు కావాలని ఆమె మంచం జరిపించాను. అప్పుడు ఆమె తల దగ్గర పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఓదెలు ఆమె వైపు వంగాడు. ఎప్పటినుంచి వినపడుతోందని అడిగాడు. మొదట్లో నిజంగానే నిద్రపోయిందట, ఏమీ తెలియదట.

“ఒకనాడు తెలివొచ్చింది. నన్ను లేపుతున్నరు గావచ్చు అనుకున్న. ఎవ్వరు లేపలే.”



నమోదు 320

పాలకమండలి అధ్యక్షుడు సంపత్‌రావు కిందికి దిగివచ్చాడు. అరుంధతి టీచరుతో చాలాసేపు మర్యాదగా మాట్లాడాడు. తర్వాత నా గదిలో నేనూ, అతనూ, ఓదెలూ కూర్చున్నాం.

రెండేళ్ల కిందట తుపానులో తీరం మీది మందుల కర్మాగారం మునిగింది. పాత నిద్రమందు రావడం ఆగిపోయింది. దాని బదులు వచ్చినదాన్నే అప్పటినుంచి అందరికీ ఎక్కిస్తున్నాం. టీచరు చెప్పిన గుర్తులను బట్టి ఆమెకు తెలివొచ్చింది దాదాపు ఆ రోజుల్లోనే. ఆ సంగతి నేను ఎత్తగానే ఓదెలు అడ్డుపడ్డాడు. కొత్త మందు ఎక్కుతున్నంతకాలమూ దీపం పచ్చగానే ఉందని, దీపం మెదడును చూసి వెలుగుతుందని చెప్పాడు. అది పాత మందుకు సరిపెట్టిన దీపం కదా అన్నాను. అతను కిటికీ వైపు చూశాడు. ఆ గదిలో కిటికీ లేదు, గోడ మీద గీసిన కిటికీ బొమ్మ ఉంది.

మత్తు దిగేటప్పుడు వచ్చే కలలు ఇలాగే ఉంటాయని సంపత్‌రావు తేల్చాడు. మంచం జరిపిన మాట ఎవరో నర్సు అని ఉంటుందట, టీచరు కలలో అతుక్కుని ఉంటుందట. నాకూ అదే నమ్మాలని ఉంది. ఎంతగా ఉందో చెప్పలేను.

వాళ్ళు వెళ్ళాక ఆ మూలకు వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. నీటి చుక్క రాతి మీద పడుతోంది. మళ్ళీ పడుతోంది. రెండు చుక్కల మధ్య ఎదురుచూడటం మొదలుపెట్టేసరికి అక్కడ ఉండలేకపోయాను. అతని మంచం అప్పటికప్పుడు తీయించాను. ఎందుకని అడిగినవాళ్ళకు ఊట అని చెప్పాను.

నమోదు 322

నిద్రశాలలో నడవాలంటే భయం వేస్తోంది. అవే ముఖాలు, అవే మూసిన కళ్ళు, కళ్ళ మీద తడి దూది. ఇన్నేళ్ళూ వీళ్ళ మధ్య తిరుగుతూ ఎంత మాట్లాడాను! పక్కలు మార్చేవాళ్ళు ఒక మనిషి బరువు గురించి ఏదో అని నవ్వుకుంటుంటే గట్టిగా కసిరాను. వాళ్ళు బిత్తరపోయారు.

ఒకామె తండ్రిని చూడటానికి వచ్చింది. “అమ్మ మంచిగుంది నాయినా” అని ఆయన చెవి దగ్గర చెబుతోంది. వాళ్ళమ్మ పోయిన సంగతి మాకందరికీ తెలుసు. బయటికి వచ్చి తలుపు దగ్గర నర్సుతో అమ్మ దినాల గురించి మామూలు గొంతుతో మాట్లాడింది. తలుపు నుంచి ఆయన మంచం మూడు అడుగులు. నేను వెనక్కి తిరిగి ఆయన ముఖం చూశాను. ఏమీ లేదు. ఏదైనా ఉంటే బాగుండునో, లేకపోతేనే బాగుందో నాకే తెలియలేదు.

ఇంకొకటి గమనించాను. ఓదెలు ఇవాళ సుగుణ దగ్గరకు వెళ్ళలేదు. నిన్న కూడా. స్టూలు గోడవారగా ఉంది.

నమోదు 326

లేపాల్సిన వాళ్ళలో రెండోవాడు భూమన్న, లారీ డ్రైవరు, ఊపిరితిత్తుల జబ్బు. ఇవాళ లేపాం.

కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూయలేదు. కన్నీళ్ళు కారుతున్నా రెప్ప వేయడానికి ఒప్పుకోలేదు. నర్సు మణికట్టు పట్టుకొని అడిగాడు, తాను మాట్లాడుతున్నది వాళ్ళకు వినపడుతోందా అని. వినపడుతోందంది. మళ్ళీ అడిగాడు. డాక్టరును అడిగాడు. నన్ను అడిగాడు. ఊడ్చే మనిషి వస్తే ఆమెను అడిగాడు.

“నేనంటున్నది వినవడుతుందా మీకు? నిజంగ వినవడుతుందా?”

భోజనం అయ్యాక విశ్రాంతి కోసం గదిలో దీపం తగ్గించబోయారు. అప్పుడు అతను అరిచిన అరుపుకు వసారాలో ఉన్నవాళ్ళంతా పనులు ఆపి నిలబడిపోయారు. ఆ గదిలో దీపం ఇంక ఎవరూ తగ్గించవద్దని చెప్పాను. నర్సు మణికట్టు మీద వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి.

ఇతను కూడా కల కన్నాడా?

నమోదు 327

ఇక మీదట ఎవరినీ లేపవద్దని సంపత్‌రావు ఆదేశం పంపాడు. ఇంకా ముగ్గురిని లేపాల్సి ఉంది. వాళ్ళ జబ్బులకు వైద్యం సిద్ధంగా ఉంది. ఇళ్ళల్లో మంచాలు దులిపి ఎదురుచూస్తున్నారు. ఎవరినీ లేపకపోతే ఎవరూ మాట్లాడరు, అంతే.

పైకి వెళ్ళి అతనితో వాదించాను. అతను దుర్మార్గుడు కాడు. మా అమ్మ పోయినప్పుడు ఆ ఎండలో మా ఊరిదాకా వచ్చిన మనిషి. ముందు కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు, తర్వాత ఓపిగ్గా చెప్పాడు.

“చెప్పి ఏం జేస్తరు కమలినీ? పాత మందు లేదు. లేపితే జబ్బుకు సస్తరు. లేపకపోతే గట్లనే ఉంటరు. ఇంటోళ్ళకు చెప్తే ఆ బాధ వాళ్ళ నెత్తికి కూడ ఎక్కిచ్చినట్టు. అది దయనా?”

 మేం చేసిన ప్రమాణం గుర్తుచేశాను. అతనూ నేనూ ఒకే రోజు, ఒకే వేదిక మీద చేశాం. నా చేతికింద ఎవరికైనా హాని జరిగితే ఆ సంగతి ముందుగా హాని పడినవాళ్ళకే చెబుతాను అన్నది అందులో ఉంది.

హాని జరిగిందని తేలినప్పుడు చెబుదాం, తేలిందా అన్నాడు. ఒక టీచరు కల, ఒక డ్రైవరు భయం. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. మీ దగ్గర ఉన్న రుజువేమిటి అని అడిగాడు.

లిఫ్టులో కిందికి దిగుతూ అదే ఆలోచించాను. తేలాలి. తేల్చగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

నమోదు 329

ఓదెలు నాకు కనపడకుండా తిరుగుతున్నాడు. చివరికి మందుల గదిలో దొరికాడు. తలుపు మూసి, ఇది పరీక్షించడానికి దారి ఏదైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పాడు.

మనిషిని చేర్చుకున్న రోజు ఒక పెద్ద ఇంజెక్షన్ ఇస్తాం. దానితో నిద్ర ఖాయం. కానీ అది గుండెకు బరువు, రోజూ ఇవ్వలేం. ఆ తర్వాత రోజూ ఎక్కేదే కొత్త మందు, దినం మందు అంటాం. ఆ దినం మందు నిద్రను నిలుపుతోందా, లేక ఒంటిని మాత్రమే కట్టిపడేస్తోందా అన్నదే ప్రశ్న. పెద్ద ఇంజెక్షన్ ఇవ్వకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషికి దినం మందు ఒక్కటే ఎక్కించి చూస్తే తెలుస్తుంది.

నాకు ఎక్కించమన్నాను.

అతను గోడకు చేరబడ్డాడు. ఆసుపత్రి అధికారి మీద ఇలాంటిది చేస్తే తన లైసెన్సు పోతుందన్నాడు. పోతుందని నాకూ తెలుసు. అసలు కారణం అది కాదని కూడా తెలుసు. సుగుణ దగ్గరకు ఎందుకు వెళ్ళడం లేదని అడిగాను.

“నాకు తెలుసుకోవాలని లేదు మేడం” అన్నాడు. మళ్ళీ తనే, “కాని తెల్వకుండ కూడ ఉండలేకపోతున్న” అన్నాడు.

ఒప్పుకున్నాడు. ఒక పూట ఉంచి లేపాలి. నేను మందు కింద ఉండగా అతను నా దగ్గర ఏదో ఒకటి చెప్పాలి, నేను ఊహించలేనిది. లేచాక నేను ఆ మాట చెప్పగలిగితే తేలినట్టు. ఇంకొకరి ఉద్యోగం ప్రమాదంలో పెట్టకూడదని నర్సులెవరినీ పిలవకూడదనుకున్నాం. అది తెలివితక్కువ పనేమో అని కూడా అనిపిస్తోంది. రేపు సాయంత్రం ఫోన్ చేస్తానని మా అక్కకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

నమోదు 330

పొద్దున. పంపులు, పంకాలు సరిగ్గా ఉన్నాయి. చెప్పడానికి ఇంకేమీ లేదు.  ఓదెలు సూది సిద్ధం చేస్తున్నాడు, చేతులు మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. ఈ నమోదు ఇక్కడితో ఆగిపోతే, నేను నా ఇష్టంతోనే పడుకున్నానని ప్రమాణాల సంఘం తెలుసుకోవాలి.

నమోదు 331

అదే రోజు రాత్రి. జరిగింది వరుసగా చెప్పాలి.

ముందు కాళ్ళు పోయాయి. నొప్పి లేదు, తిమ్మిరి కూడా లేదు. ఉన్నాయి, కానీ నావి కావు. తర్వాత చేతులు, మెడ, నాలుక. గాలి గొట్టం పెట్టాడు, యంత్రం నా బదులు ఊపిరి పీల్చింది. రెప్పలు మూసి తడి దూది పెట్టాడు. నిద్ర వస్తుందని ఎదురుచూశాను. రానివ్వమని దేవుడికి మొక్కుకున్నాను. నిద్ర వస్తే నేను ఓడిపోయినట్టే, కానీ అంతమంది బతికిపోయినట్టు.

రాలేదు.

“పచ్చగుంది మేడం” అన్నాడు ఓదెలు. దీపం గురించి. అతని గొంతులో ఎంత సంతోషమో.

నేను లోపల అరిచాను. అరుపు ఎక్కడికీ పోలేదు. ముక్కు మీద చిన్న దురద మొదలైంది. అది ముక్కు అంతా పాకి, ముఖమంతా పాకి, నేనంటే ఆ దురద ఒక్కటే అన్నట్టు అయింది. ఉమ్మి మింగలేను. యంత్రం పీల్చినప్పుడే పీల్చాలి, వదిలినప్పుడే వదలాలి. నా ఊపిరిని నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ఇష్టంగా పీల్చుకోవాలని అనిపించింది. ఆకలికంటే, దాహంకంటే పెద్ద కోరిక అది.

ఓదెలు స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. ఏదో సామెత చెబుదామనుకున్నానన్నాడు. తర్వాత మాట మార్చాడు.

“నిరుడు ఎండకాలం సుగుణ పక్కన కూసోని ఒక మాటన్న. నువ్వు పోతే బాగుండు, నాకు విడుదల అయితది అన్న. దీపం చూసుకుంటనే అన్న. పచ్చగ ఉండె.” ఆగాడు. “మీకు వినవడొద్దు మేడం. మీకు వినవడొద్దు.”

 ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. అక్కడ కాలం లేదు.

తలుపు తెరుచుకుంది. అడుగులు. సంపత్‌రావు గొంతు. నన్ను వెతుక్కుంటూ వచ్చాడట. మంచం మీద నన్ను చూసి ఓదెలును నిలదీశాడు. ఓదెలు జరిగింది చెప్పాడు. సంపత్‌రావు మంచం దగ్గరకు వచ్చాడు, అతని అత్తరు వాసన నాకు తెలిసింది.

“ఈమె వింటుందంటవా?”

తెలియదని, లేపితేనే తెలుస్తుందని ఓదెలు అన్నాడు.

“లేపకుంటె?”

 యంత్రం నాచేత పీల్పించింది, వదిలించింది.

“ఎల్లుండి ఇంటోళ్ళు వచ్చే దినం. అది దాటనియ్యి. ఒక నెల ఉండనియ్యి. పని ఒత్తిడికి పడిపోయిందని చెప్దాం. ఆమెకేం తెలుస్తది ఓదెలూ, లైటు పచ్చగనే ఉంది గద. నీ సుగుణ గురించి నువ్వే జెప్తివి, నిద్రలనే ఉందని. అంతే అనుకో.”

అతని గొంతులో కోపం లేదు. నాకు మజ్జిగ ఇప్పించినప్పటి గొంతే. అడుగులు దూరమయ్యాయి.

నేను ఓదెలును పిలిచాను. లోపల అతని పేరు పెట్టి పిలిచాను, బతిమాలాను, తిట్టాను. స్టూలు కిర్రుమంది. అతను లేచాడు. అతని అడుగులు మంచం వైపు రాలేదు. తలుపు వైపు వెళ్ళాయి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

ఒక్కదాన్నే ఉన్నాను. అక్కడ నేను ఏమనుకున్నానో అంతా చెప్పలేను. కొంత చెబుతాను. ఒక నెల అంటే ఎన్ని ఊపిరులో లెక్కపెట్టబోయి, భయపడి ఆపేశాను. మా అక్క ఫోన్ కోసం చూసి, మర్నాడు చూసి, తర్వాత ఇక్కడికి వస్తుంది, నా చెయ్యి పట్టుకొని ఏడుస్తుంది, నేను నిద్రపోతున్నానని వాళ్ళు చెబుతారు, ఆమె నమ్ముతుంది. గోడకు అవతల పడుకున్నవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళందరూ ఈ మాటే అనుకొని ఉంటారు, ఒక్కొక్కరూ ఒంటరిగా. ఈసారి ప్రార్థన చేయలేదు. చచ్చిపోవాలని కోరుకున్నాను. అంత తొందరగా ఆ కోరిక వస్తుందని నాకు తెలియదు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. పరిగెత్తినట్టు రొప్పు. చల్లటి వేళ్ళు నా చేతి మీది సూదిని లాగాయి.

ఒంట్లోంచి మందు దిగేదాకా అతను పక్కనే నిలబడ్డాడు. గొట్టం తీశాక నాలుక మొద్దులా ఉంది. మొదట గాలి పీల్చుకున్నాను, నా ఇష్టంగా. అతను వంగి నా నోటి దగ్గర చెవి పెట్టాడు. ఒక్క మాటే అనగలిగాను.

“విడుదల.”

ఓదెలు నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో తల పట్టుకొని, శబ్దం లేకుండా ముందుకూ వెనక్కూ ఊగాడు. తర్వాత చెప్పాడు, లిఫ్టు దాకా వెళ్ళాడట, లిఫ్టు వచ్చిందట, తలుపు తెరుచుకుందట. ఎక్కలేకపోయాడట.

నా తల దగ్గర దీపం ఇంకా పచ్చగానే వెలుగుతోంది.

నమోదు 332

పాలకమండలి ముందు నిలబడ్డాను. ఓదెలు నా పక్కనే నిలబడ్డాడు. మందు కింద ఉండగా గదిలో సంపత్‌రావు అన్న మాటలు, ఒక్కటీ మార్చకుండా, అతని ముఖం చూస్తూ చెప్పాను. నెల ఉండనియ్యి అన్నది. పని ఒత్తిడి అన్నది. ఆమెకేం తెలుస్తది అన్నది.

అతను కాదనలేదు. కాదంటాడని సిద్ధపడి వెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాలి, “లైటు పచ్చగుండె గద” అన్నాడు, మా ఎవరితోనూ కాదు. ఆ మనిషికి నా మీద పగ లేదని అప్పుడే అర్థమైంది. దీపాన్ని నమ్మితే తనకు పని సులువవుతుంది కాబట్టి నమ్మాడు. అది నన్ను ఇంకా భయపెట్టింది. ఆ కుర్చీలో నేనుంటే? నేనూ మంచాలు జరిపించినదాన్నే.

ప్రమాణాల సంఘానికి మేం ముగ్గురమూ మా లైసెన్సులు అప్పగించాం. విచారణ అయ్యేదాకా వేరే మనిషి దొరకదు కాబట్టి పని మాత్రం చేస్తూ ఉండమని నాకూ, ఓదెలుకూ చెప్పారు. సంపత్‌రావును పదవి నుంచి తప్పించారు.

నమోదు 333

ఇంటివాళ్ళు వచ్చే రోజు. అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టి చెప్పాను. అలంకారం లేకుండా, క్షమించమని అడగకుండా, జరిగింది చెప్పాను.  తర్వాత ఒకాయన లేచి నా ముఖం మీద ఉమ్మేశాడు. తుడుచుకోలేదు. “అమ్మ మంచిగుంది నాయినా” అన్న ఆమె లేచి నిద్రశాల వైపు పరిగెత్తింది. ఆమె వెనక అందరూ.

ఆ తర్వాత నిద్రశాలలోంచి వచ్చిన గొంతులు ఇక్కడ చెప్పను. నేను వసారాలో నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్ళే అర్హత నాకుందని అనిపించలేదు.

నమోదు 347

వైద్యం సిద్ధంగా ఉన్న ముగ్గురినీ లేపాం. మిగిలినవాళ్ళలో రోజూ కొంతమందిని అడుగుతున్నాం. వేళ్ళు కదిలేంతవరకు మందు తగ్గించి, చెవి దగ్గర మెల్లగా సంగతంతా చెప్పి, అడుగుతాం. లేవాలని ఉంటే నా వేలు ఒకసారి నొక్కండి. లేస్తే జబ్బు మళ్ళీ కదులుతుంది. ఇలాగే ఉండాలంటే రెండుసార్లు నొక్కండి. ఉంటామన్నవాళ్ళకు వాళ్ళు ఒప్పుకుంటే అప్పుడప్పుడు పెద్ద ఇంజెక్షన్ ఇచ్చి నిజం నిద్ర ఇస్తాం. గుండె ఆగిపోవచ్చు, అదీ చెబుతాం.

ఉంటామన్నవాళ్ళు ఉన్నారు. ఆశ వదలనివాళ్ళు. వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు. ఒకతను ఎంతకీ ఏమీ నొక్కలేదు. వేలు నా అరచేతిలో అలాగే పెట్టి ఉంచాడు. అలా చాలాసేపు కూర్చున్నాను. అతనికి కావలసింది జవాబు చెప్పడం కాదేమో.

ఇవాళ సుగుణ వంతు. ఓదెలు అడగలేనన్నాడు. నేను అడిగాను. నేను పూర్తిగా చెప్పేలోపే నొక్కింది. ఒక్కసారి. గట్టిగా.

నమోదు 350

సుగుణకు గొంతు వచ్చింది. ఆమెకు మిగిలింది కొద్ది నెలలే, నొప్పితో. ఆ సంగతి నేనే చెప్పాను. తల ఊపింది.

నీళ్ళు అడిగింది, తనంతట తాను గ్లాసు పట్టుకొని తాగింది. తాగడం అయ్యాక చాలాసేపు గ్లాసును అలాగే పట్టుకుంది. తర్వాత తలుపు వైపు చూసింది.

“ఆయన బయటనే ఉన్నడు గద. ఆ నడక నాకెరికే.”

అవునన్నాను. పొద్దుటినుంచి వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిలవమంటారా అని అడిగాను. ఆమెకు ఇష్టం లేకపోతే అతన్ని రానివ్వనని కూడా చెప్పాను. ఆ మాట చెప్పడం నా పని.

“నన్ను కూసోబెట్టుండ్రి ముందు” అంది. “పండుకొని మాట్లాడ.”

వీపు వెనక దిండ్లు పెట్టి లేపాను. ఒళ్ళు ఎముకల గూడులా ఉంది, వేలు తగిలితే నొప్పి అని తెలుస్తోంది, అయినా మూలగలేదు. జుట్టు దువ్వాను. చీర కొంగు సర్దుకుంది. అప్పుడు తలుపు తెరిచాను.

ఓదెలు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కాలు లోపలికి పడటం లేదు. ఉరిశిక్ష పడ్డవాళ్ళను నేను చూడలేదు, కానీ వాళ్ళ ముఖం అలాగే ఉంటుందనుకుంటాను. సుగుణ అతన్ని తేరిపార చూసింది. కోపమో, జాలో, ఇంకేమిటో నేను చెప్పలేను.

నేను బయటికి వచ్చాను. తలుపు మూయబోతుంటే ఆమె గొంతు వినపడింది, బొంగురుగా, తొందర లేకుండా.

“రా. ఇటు కూసో. ఇయ్యాల నువ్వు ఇనాలె.”